రక్షణ సాధనాలు – వాటి హద్దులు

వార్షిక సంచికలో మనం సాధారణంగా పిల్లల చదువులు, ఆడపిల్లల పెండ్లిండ్లు, వైద్య సహాయం, ఖబరస్తాన్ పనులు – వీటి గురించే రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్ల ప్రాణరక్షణ గురించి, చరిత్ర నుంచి కొన్ని సంగతులు ఏరి రాయాలని అనుకున్నాం. చరిత్ర అనగానే చార్మినారు, గోల్కొండ అనుకోకండి. దీపానికీ మాస్కుకీ సైరనుకీ కూడా చరిత్ర ఉంది. అది తెలియకపోతే నష్టపోయేవి మన ఇండ్లే.

బహదూర్‌పల్లిలో తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక రోడ్డు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది, ఎవరు ఎటు పోతున్నారో. కొందరు పక్కనే ఉన్న సాఫ్ట్‌వేరు క్యాంపసుకు పోతారు. ఇంకా ఎందరో జీడిమెట్ల, గాజులరామారం, బొల్లారం, కాజీపల్లి వైపు పోతారు. మందుల కంపెనీలు, రసాయనాల షెడ్లు, వ్యర్థజలాల ట్యాంకులు అటే ఉన్నాయి. ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ సోవియట్ రష్యా సహాయంతో బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చిన వాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. ఆ విధంగా హైదరాబాదు ఉత్తర, పడమటి శివార్లలో ఊరూరా రియాక్టర్లు లేచాయి. పొలాల పనులు తగ్గిన మన కుటుంబాలకు అవి అన్నం పెట్టాయి, కాదనలేం.

ఇంట్లో అమ్మీ భయపడితే కొడుకు ఏమంటాడు? "ఫికర్ చెయ్యకు అమ్మీ, మాస్కు ఇచ్చిన్రు, హెల్మెట్ ఇచ్చిన్రు, సైరన్ ఉంది" అంటాడు. అమ్మీకి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంలో ఎంత నిజం ఉందో చూద్దామనే ఈ వ్యాసం.

ముందుగా మనవాళ్ల గొప్ప ఒకటి చెప్పుకుందాం. తొమ్మిదో శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల కాలంలో, బగ్దాదు నగరంలో బనూ మూసా అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. మహమ్మద్, అహ్మద్, హసన్ అని వారి పేర్లు. గణితంలో, ఖగోళంలో, యంత్రాల తయారీలో దిట్టలు. ఇంచుమించు 850 ప్రాంతంలో వారు రాసిన 'కితాబుల్ హియల్' అనే గ్రంథంలో సుమారు వంద యంత్రాల వర్ణన ఉంది. ఫౌంటెన్లు, వత్తి తనంతట తానే జరుపుకునే దీపాలు, ఇటువంటి వినోదాలే ఎక్కువ. కాని వాటి మధ్య, చెడుగాలి నిండిన బావిలో దిగే మనిషి ఊపిరాడక చనిపోకుండా వాడే ఉపకరణం కూడా ఒకటి ఉంది. ఖలీఫా దర్బారులో పెరిగిన పండితులకు బావి తవ్వే కూలివాడి ఊపిరి గురించి ఆలోచన వచ్చిందంటే అది చిన్న విషయం కాదని మా అభిప్రాయం. ఈ బావి సంగతి మళ్లీ తరువాత వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక ఇంగ్లండు బొగ్గు గనుల దగ్గరికి పోదాం. రక్షణ సాధనాల చరిత్రలో అందరూ మొదట చెప్పే కథ అదే. 1812 మే 25న ఫెల్లింగ్ అనే చోట గనిలో గ్యాసు అంటుకొని పేలుడు జరిగింది. 92 మంది చనిపోయారు, అందులో చాలామంది చిన్న పిల్లలు. బొగ్గు పొరల్లోంచి మీథేన్ గ్యాసు వస్తుంది. చీకట్లో పనిచేసే కార్మికుడికి దీపం కావాలి. ఆ దీపం మంటే గ్యాసుకు నిప్పు. దీనికి ఉపాయం కనిపెట్టమని పెద్దలు సర్ హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్తను అడిగారు. 1815లో ఆయన మంట చుట్టూ సన్నని తీగల జాలీ బిగించిన దీపం చేశాడు. ఆ జాలీ మంట వేడిని లాగేసుకుంటుంది. లోపల గ్యాసు అంటుకున్నా మంట జాలీ దాటి బయటికి రాదు. ఎంత తేలికైన ఉపాయమో చూడండి. అదే సంవత్సరాల్లో జార్జి స్టీఫెన్సన్, డాక్టర్ క్లానీ అనేవాళ్లు కూడా ఇలాంటి దీపాలు చేశారు. డేవీ తన దీపం మీద పేటెంటు తీసుకోలేదు, అందరూ వాడుకోమన్నాడు. దేశమంతా ఆయనకు జేజేలు పలికింది.

మరి చావులు తగ్గాయా? లేదు. 1835లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ లెక్క తీసింది. డర్హం, నార్తంబర్లాండు జిల్లాల్లో డేవీ దీపం రాకముందు 18 ఏండ్లలో 447 మంది గనుల్లో చనిపోతే, దీపం వచ్చిన తరువాతి 18 ఏండ్లలో 538 మంది చనిపోయారు.

ఇదేమి విడ్డూరం! దీపం అబద్ధమా? కాదు, దీపం నిజంగానే పనిచేసింది. కాని దీపం చేతికి రాగానే యజమానులు ఏం చేశారంటే, గ్యాసు ఎక్కువని అంతకుముందు భయపడి మూసేసిన గనులను మళ్లీ తెరిచారు. "ఇప్పుడు దీపం ఉంది గదా" అని ఇంకా లోతుకు, ఇంకా ప్రమాదమైన పొరల్లోకి మనుషుల్ని దింపారు. తవ్వకం పెరిగింది, పనివాళ్ల సంఖ్య పెరిగింది. గాలి ఆడేందుకు కొత్త దారులు తవ్వే ఖర్చుకంటే దీపం ఖర్చు తక్కువ. దానికి తోడు దీపానికి దాని లోపాలు దానికి ఉన్నాయి. గాలి జోరుగా వీస్తే మంట జాలీలోంచి బయటికి తోసుకొస్తుంది. ఎక్కువసేపు గ్యాసులో మండితే జాలీయే ఎర్రగా కాలుతుంది. జాలీలో ఒక్క తీగ తెగినా చాలు. పైగా వెలుతురు చాలక, సరిగా కనబడటం లేదని కార్మికులే జాలీ పైకెత్తి పనిచేసేవారు. తప్పు వాళ్లదే అని రాసేవారు రికార్డుల్లో. టన్నుకు ఇంత అని కూలి ఇచ్చేవాడు చీకటి దీపం చేతికిచ్చి, వెలుతురు కోసం మూత తీశాడని నింద వేయడం ఏపాటి న్యాయం?

డేవీ దీపం మన నేల మీదికి కూడా వచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఆ తరువాతి కాలంలో మన దేశపు గనుల్లో కరెంటు టోపీ దీపాలు వచ్చి వెలుతురు పని వాటికి పోయింది. పాత జాలీ దీపం మాత్రం పోలేదు. దానికి ఇంకో ఉద్యోగం దొరికింది. గ్యాసు ఉన్నచోట దాని మంట పైన నీలిరంగు టోపీలాగా ఒక కొస లేస్తుంది. ఆక్సిజన్ తక్కువైతే మంట కుంగి ఆరిపోతుంది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం మైనింగ్ సర్దారు కావాలంటే గ్యాసు పరీక్ష సర్టిఫికెట్ ఉండవలసి ఉండేది. అంటే ఆ కొసను చూసి గ్యాసు పసిగట్టడం రావలసి ఉండేది. ఇక్కడొక సంగతి గమనించాలి. కార్మికుణ్ని కాపాడుతుందని కనిపెట్టిన దీపం, మంట చదవడం నేర్చిన సర్దారు చేతిలో పడ్డాకే నిలకడగా అక్కరకొచ్చింది. సర్దారు లేకపోతే అది ఉత్త దీపమే.

బాయిలర్ల కథ కూడా ఇలాంటిదే. క్లుప్తంగా చెబుతాం. ఆవిరి ఎక్కువైతే తనంతట తాను తెరుచుకునే సేఫ్టీ వాల్వు బాయిలరుకు ఉంటుంది. మిషను జోరు తగ్గుతుందని ఆ వాల్వు మీద అదనపు బరువు వేలాడగట్టేవారు. అట్లా ఎన్నో పేలాయి. 1863లో కలకత్తాలో పేలుడు జరిగి మనుషులు చనిపోయాకే మరుసటేడు బెంగాల్లో బాయిలర్ల తనిఖీ చట్టం వచ్చింది. దేశమంతటికీ వర్తించేది 1923లో వచ్చింది. వాల్వు ఒక్కటే చాలదు, దాన్ని చూసే ఇన్‌స్పెక్టరు కావాలని సర్కారుకు అప్పటికి అర్థమైందన్నమాట.

ఇప్పుడు భోపాల్. చదవడానికే మనసు రాని విషయం, కాని చదవక తప్పదు. బేగముల పాలనలో వర్ధిల్లిన ఆ పాత నగరంలో, యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ గోడకు దగ్గరగా జయప్రకాశ్ నగర్, కాజీ క్యాంప్ వంటి పేద బస్తీలు ఉండేవి. హిందువులు, ముస్లింలు కలిసి బతికే బస్తీలు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి, 610 నంబరు ట్యాంకులో ఉన్న సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్‌లోకి నీళ్లు చేరి, వేడెక్కి, విషవాయువై బస్తీల మీద పడింది. సర్కారు తరువాత ఒప్పుకున్న లెక్కే 3,787 మంది. ఆ ఏండ్లలో జబ్బుపడి పోయినవాళ్లు దీనిలో లేరు.

ఆ ఫ్యాక్టరీలో రక్షణ సాధనాలు లేవా అంటే, కాగితం మీద ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ట్యాంకును చల్లగా ఉంచే శీతల యంత్రం ఉంది. ఖర్చు తగ్గించేందుకు కొన్ని నెలల ముందే దాన్ని ఆపేశారు. విషవాయువును క్షారంతో కడిగే స్క్రబ్బరు ఉంది. అది ఆ వేళకు పనిలో లేదు, ఉన్నా అంత పెద్ద గ్యాసు ప్రవాహాన్ని కడిగేంత పెద్దది కాదు. మిగిలిన గ్యాసును కాల్చేసే మంటల గోపురం ఉంది. దానికి పోయే గొట్టం ముక్క మరమ్మతు కోసం ఊడదీసి ఉంది. నీటి ధారలు ఉన్నాయి. గ్యాసు బయటికొచ్చిన గొట్టం అంత ఎత్తుకు ఆ నీళ్లు అందలేదు. ప్రమాదమొస్తే సరుకును మళ్లించేందుకు ఖాళీగా ఉంచవలసిన ట్యాంకు కూడా ఖాళీగా లేదు. ఇక సైరన్! ఊరివాళ్లకు వినబడే సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. చాలామంది నిద్రలోంచి దగ్గుతూ లేచారు తప్ప సైరన్ విని లేవలేదు. ఎం.ఐ.సి. విభాగంలో ఒక్కో షిఫ్టుకు 12 మంది ఉండవలసిన చోట 6గురికి తగ్గించారు. ఇన్ని సాధనాల్లో ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి ఉందిలే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఆ 'ఇంకొకటి' కూడా అదే నమ్మకంతో పాడుబడి ఉంటుంది.

అంతకు మూడేండ్ల ముందు, 1981 డిసెంబరులో, అదే ఫ్యాక్టరీలో ఒక కార్మికుడి మీద ఫాస్జీన్ పడింది. ముఖానికి మాస్కు ఉంది. కంగారులో మాస్కు తీసేశాడు. ఆ విషం లక్షణం ఏమిటంటే, పీల్చినప్పుడు పెద్దగా బాధ తెలియదు, గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయన ఆస్పత్రిలో చనిపోయాడు. మాస్కు తీయడం ఆయన తప్పేనని చెప్పారు. మీద పడ్డ విషం బట్టల్లో ఉన్నప్పుడు ముందు ఏం చేయాలి, మాస్కు ఎప్పుడు తీయాలి, ఈ మాటలు మాస్కు మీద రాసి ఉండవు గదా? చేతితో చేయించి, పదిసార్లు అలవాటు చేయిస్తే తప్ప ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరికీ గుర్తు రావు.

ఆ 1984 రాత్రి భోపాల్ స్టేషనులో డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంటుగా ఉన్న గులాం దస్తగీర్ సాహెబును మన పిల్లలకు తప్పక పరిచయం చేయాలి. కండ్లు మండుతున్నాయి, గొంతు పూడుకుపోతున్నది. ఫ్లాట్‌ఫారం మీద గోరఖ్‌పూర్ నుంచి వచ్చిన రైలు జనంతో నిండి ఉంది. బయలుదేరే వేళ ఇంకా కాలేదు. ఆయన పైవాళ్ల హుకుం కోసం చూడలేదు, రైలును ముందే పంపించేశారు. ఇతర స్టేషన్లకు కబురు చేసి, ఇల్లు కూడా చూసుకోకుండా స్టేషనులోనే ఉండి సాయం చేశారు. గ్యాసు ఆయన ఆరోగ్యాన్ని తినేసింది, 2003లో పోయారు. ఆయన దగ్గర ఏ మాస్కూ లేదు, ఏ మీటరూ లేదు.

భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పనులకు ప్రత్యేక అధ్యాయం పెట్టారు. ఏ సరుకు ఎంత ప్రమాదమో కార్మికులకు, చుట్టుపక్కల ఊరికి చెప్పాలన్నారు. ప్రాణాపాయం కనబడితే కార్మికుడు హెచ్చరించే హక్కు 41-హెచ్ సెక్షన్‌లో వచ్చింది. మంచిదే. మరి భోపాల్ జరిగిన 36 ఏండ్లకు మన తెలుగునేల మీదే ఏం జరిగింది?

2020 మే 7, రమజాన్ నెల. లాక్‌డౌన్ రోజులు. సహరీకి ఇంకా కాస్త టైము ఉంది, తెల్లవారుజాము సుమారు మూడు గంటలు. విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. సర్కారు లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. స్టైరీన్ అనేది ప్లాస్టిక్ చేసే ద్రవం. వెచ్చబడితే తనంతట తానే గట్టిపడటం మొదలుపెడుతుంది, గట్టిపడేటప్పుడు మళ్లీ వేడి పుట్టిస్తుంది. అందుకని చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా మందు కలుపుతుండాలి. లాక్‌డౌన్‌లో సరుకు కదలకుండా వారాల తరబడి ట్యాంకులో ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతాధికార కమిటీ జూలైలో నివేదిక ఇచ్చింది. అందులో రెండు విషయాలు మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేశాయి.

ఒకటి, థర్మామీటరు. ట్యాంకు వేడిని అడుగున మాత్రమే కొలిచే ఏర్పాటు ఉంది. అడుగున చల్లని ద్రవం, పైన కాగుతున్న ద్రవం. అడుగు థర్మామీటరు అడుగు సంగతే చెప్పింది. అబద్ధం చెప్పలేదు పాపం! తన చోటు గురించి నిజమే చెప్పింది. పై పొర గురించి దాన్ని ఎవరూ అడగలేదు, అడిగేందుకు ఇంకో థర్మామీటరు పెట్టలేదు. దినచర్య పుస్తకంలో మాత్రం అంకెలు సక్రమంగానే పడి ఉంటాయి.

రెండు, సైరన్. మోగించే మీటలు ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉన్నాయట. ఒక్కటి కూడా ఎవరూ నొక్కలేదు. నొక్కవలసిన మనిషి ఎవరు, ఎప్పుడు నొక్కాలి, నొక్కితే తరువాత ఊరు ఎటు పరుగెత్తాలి? 36 మీటలకు పెట్టిన ఖర్చులో కొంత ఈ మూడు ప్రశ్నలకు పెట్టి ఉంటే బాగుండేది.

మనకు ఇంకా దగ్గరి సంగతి పాశమైలారం. 2025 జూన్ 30 ఉదయం సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు. 50 మందికి పైగా చనిపోయారు. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్లు చాలామంది. అక్కడ తయారయ్యేది విషం కాదు. మాత్రల్లో కలిపే మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే చెట్టు పీచునుంచి తీసిన తెల్లని పొడి. మనం మింగే గోళీల్లో ఉండేదే. కాని మండే గుణమున్న ఏ మెత్తని పొడి అయినా, చివరికి గోధుమపిండి, పంచదార పొడి అయినా, గాలిలో దట్టంగా లేచి నిప్పురవ్వ తగిలితే ఫిరంగిలా పేలుతుంది. ముక్కుకు కట్టిన మాస్కు పొడిని ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతుంది, అది దాని పని. పేలుడును ఆపడం దాని పని కాదు. పొడి పేరుకోకుండా ఊడ్చడం, యంత్రం వేడి చూడడం, జనం గుమిగూడే ఆఫీసు గదుల్ని ఆ యంత్రానికి దూరంగా కట్టడం, ఇవన్నీ మాస్కు అందుకోలేని పనులు.

ఇక బావి దగ్గరికి వద్దాం.

మన చుట్టుపక్కల ఎక్కువగా ప్రాణం తీసేది పెద్ద పేలుడు కాదు. ట్యాంకు, రియాక్టరు, మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు, అనగా బనూ మూసా సోదరులు చెప్పిన ఆ బావే. మన బస్తీ కుర్రవాడొకడు మాతో చెప్పాడు, వ్యర్థజలాల ట్యాంకులో దిగి మడ్డి తీయమని, గుడ్డ మాస్కు ఒకటి చేతిలో పెట్టారట. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. వాడు తెలివిగా దిగనన్నాడు, కాంట్రాక్టరు మరునాటి నుంచి పనికి రావద్దన్నాడు. ఆ మాస్కు గురించి నాలుగు మాటలు చెప్పాలి.

గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుంది, అంతే. డబ్బా ఉన్న మాస్కు, అంటే బొగ్గు మందు నింపిన క్యానిస్టరు మాస్కు, కొన్ని గ్యాసులను పీల్చుకుంటుంది. ఏ గ్యాసుకు ఆ డబ్బా, తప్పుడు డబ్బా పెడితే ఉన్నా లేనట్టే. ఆ మందు కూడా కొంతసేపటికి నిండిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏ డబ్బా మాస్కూ ఆక్సిజన్ పుట్టించదు. గాలిలో సుమారు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మూసి ఉంచిన ఇనుప ట్యాంకులో తుప్పు ఆ ఆక్సిజన్‌ను తినేస్తుంది. మందుల కంపెనీల్లో నిప్పు భయానికి రియాక్టరులో నైట్రోజన్ నింపుతారు. నైట్రోజన్‌కు వాసన లేదు, రంగు లేదు, గొంతు మండదు. దిగినవాడు రెండు మూడు శ్వాసల్లో కూలిపోతాడు, అయ్యో అనే వ్యవధి కూడా ఉండదు. మురుగు ట్యాంకుల్లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. "వాసన పోయింది, ఇంక ఫరవాలేదు" అనుకునే క్షణమే అసలు గండం. పాతకాలంలో బావిలోకి లాంతరు దించి, ఆరిపోతే దిగేవారు కాదు. మంచి అలవాటే. కాని లాంతరు ఆక్సిజన్ తగ్గిందని చెబుతుందే గాని ఈ విషవాయువు సంగతి చెప్పదు. మండే గ్యాసు ఉన్నచోట అదే నిప్పవుతుంది.

ఇక్కడ మన సముదాయానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కంపెనీల్లో ఇది చెప్పేవారు తక్కువ, మనలో అడిగేవారు ఇంకా తక్కువ. ముఖానికి బిగుతుగా అంటుకునే మాస్కు అంచు కింద గడ్డం ఉంటే గాలి పక్కనుంచి దూరుతుంది. నిండు గడ్డమే కానక్కర లేదు, నాలుగు రోజుల గడ్డమైనా అంతే. సున్నత్ పాటించే యువకుడు ఆ మాస్కు పెట్టుకొని విషవాయువులో పనిచేస్తే, మాస్కు ఉన్నదనే ధైర్యం తప్ప మాస్కు లేదు. దీనికి గడ్డం తీయించడం ఒక్కటే మార్గం కాదు. తల మొత్తం కప్పే హుడ్లు ఉన్నాయి. బ్యాటరీ పంపు వాటిలోకి వడగట్టిన గాలిని పంపుతుంది, వాటికి బిగుతు అంచు అక్కర లేదు. మర్యాదగా, కాగితం మీద రాసి, వాటిని అడగవచ్చు. అయితే ఆక్సిజన్ లేని ట్యాంకులోకి దిగే పనికి ఆ హుడ్డు కూడా చాలదు. అది కూడా ఉన్న గాలినే వడగడుతుంది. గడ్డం ఉన్నవాడు ఆ పనిలో దిగేవాడుగా కాక, పైన కాపలా ఉండేవాడుగా ఉండాలి. పైన ఉండడం అంటే తక్కువ పని అనుకోవద్దు.

ఎందుకంటే ఈ ట్యాంకుల చావుల్లో ఒక్కడే పోవడం తక్కువ. మొదటివాడు పడిపోతాడు, వాణ్ని లాగబోయి రెండోవాడు, ఇద్దరి కోసం మూడోవాడు. 2015 నవంబరు 26న కేరళలోని కోజికోడులో ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్టకూటికి పోయిన మన తెలుగువాళ్లు. అటుగా వచ్చిన ఒక ముస్లిం ఆటో డ్రైవరు, వాళ్లెవరో తెలియదు, భాష తెలియదు, జనం చూస్తుండగా వాళ్ల కోసం లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ సోదరుడికి అల్లాహ్ జన్నతులో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. ఆయన త్యాగాన్ని తక్కువ చేసే మాట కాదు గాని, ఆ ఇద్దరి నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడు చివర పైన ఇద్దరు మనుషులు ఉంటే ఆయన దిగవలసిన అవసరమే ఉండేది కాదు.

ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న ప్రవక్త (స.అ.వ.) బోధ మనకందరికీ తెలుసు. తాడు గట్టిదా, గుంజ నేలలో ఎంత లోతు దిగింది, ఇది చూసుకోవడం కూడా కట్టడంలో భాగమేనని మేము అనుకుంటాం. ప్రమాదం జరిగిన ఇంటికి పోయి "కిస్మత్ భాయ్" అని చెప్పి లేచి వచ్చేవాళ్లు కాస్త ఆలోచించాలి.

ఈ తాడు మాట మేము కల్పించింది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ చెప్పినదే. ట్యాంకులో, గుంటలో, గొట్టంలో మనిషి దిగాలంటే ముందు గ్యాసు తొలగించేందుకు చేయగలిగినదంతా చేయాలి. తరువాత, అర్హత గలవాడు స్వయంగా పరీక్షచేసి, లోపల ప్రమాదం లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకపోతే, దిగేవాడు సరైన శ్వాస ఉపకరణం పెట్టుకొని, నడుము బెల్టుకు తాడు కట్టుకోవాలి. ఆ తాడు రెండో కొసను బయట ఉన్న మనిషి పట్టుకొని ఉండాలి. చట్టం రాసినవాళ్లకు ఉపకరణం ఒక్కటే చాలదని తెలుసు, అందుకే మనిషిని కూడా రాశారు. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారినంత మాత్రాన ట్యాంకులో గాలి మారదు.

సర్టిఫికెట్ అడిగితే ఉద్యోగం పోతుందని మన పిల్లల భయం. అందులో నిజం లేకపోలేదు, పైన చెప్పిన కుర్రవాడే సాక్షి. ఒక్కడు అడిగితే తీసేస్తారు. షిఫ్టులో పదిమంది కలిసి అడిగితే, మతం కులం చూడకుండా అందరూ కలిసి అడిగితే, సూపర్‌వైజరు కొంచెం ఆలోచిస్తాడు. ఇండ్లలో ఆడవాళ్లు కూడా జీతం ఎంత, ఓవర్‌టైం ఎంత అని అడిగినట్టే, "ఈ రోజు ట్యాంకులో దిగినవా? పైన ఎవరున్నరు?" అని అడగవలెనని మనవి.

ట్యాంకులో దిగే ముందు అడగవలసిన ప్రశ్నల కాగితం ఒకటి, హుడ్డు మాస్కు కోసం రాసే అర్జీ నమూనా ఒకటి, తెలుగులోనూ ఉర్దూలోనూ సంఘం ఆఫీసులో పెట్టాం. జుమా నమాజు తరువాత ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. చదువు రానివారు కూర్చుంటే చదివి వినిపిస్తాం. బీహారు, ఒడిశా సోదరులు మీ షిఫ్టులో ఉంటే వారిని కూడా వెంట తీసుకురండి, హిందీలో చెప్పేవారు మనలో ఉన్నారు.